బెంగళూరులో ప్లేట్‌లెట్ల ఖర్చు తగ్గే దారి ఉందా?

నమస్కారం అండీ. మాది అనంతపురం. అమ్మకు బ్లడ్ క్యాన్సర్. బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కీమో నడుస్తోంది. కీమో ఇచ్చిన ప్రతిసారీ కౌంట్ పడిపోతోంది, రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తున్నారు. మందుల కన్నా ఈ బిల్లే ఎక్కువ టెన్షన్ పెడుతోంది.

రక్తానికి ధర కాకుండా ప్రాసెసింగ్ చార్జీలే (పరీక్షలు, నిల్వ లాంటి ఖర్చులు) తీసుకోవాలి కదా. ఎర్రకణాల సంచికి ప్రైవేటులో గరిష్ఠంగా 1,550 రూపాయలని కేంద్రం 2022 మార్గదర్శకాల్లో ఉంది, అది ఎలాగో భరిస్తున్నాం. ఒకే దాత నుంచి మిషన్ మీద తీసే ప్లేట్‌లెట్లకే వేలకు వేలు అవుతోంది. పైగా అవి 5 రోజులకు మించి నిల్వ ఉండవు, అప్పటికప్పుడు దాతను వెతకాలి.

తలసేమియా (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) పిల్లలకు రక్తం ఉచితం. క్యాన్సర్ రోగులకూ అలాంటి రాయితీ ఉందా? ఇక్కడి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి కిద్వాయ్ బ్లడ్ బ్యాంకులో బయటి ఆసుపత్రి వాళ్లకు ఇస్తారా? మా ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఇక్కడ ప్లేట్‌లెట్లకు పనిచేస్తుందా? ఈ మధ్య తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. వచ్చే వారం మళ్లీ కీమో ఉంది.