చిన్న కేబినెట్‌లో తక్కువ ఖర్చుతో గేమింగ్ కంప్యూటర్: విడిభాగాల ఎంపికపై సలహా కావాలి

ప్రశ్న

నమస్కారం. ఇంట్లో ఆటలు ఆడుకోవడానికి ఒక చిన్న కంప్యూటర్‌ను స్వయంగా అమర్చుకోవాలనుకుంటున్నాను. అది బల్ల మీద మానిటర్ పక్కనే ఉండాలి కనుక కేబినెట్ ఇరవై లీటర్లకు మించకూడదన్నది మొదటి షరతు, ఖర్చు వీలైనంత తగ్గాలన్నది రెండవది. 1080పీ మానిటర్‌పై మధ్యస్థ సెట్టింగులతో నిలకడగా సెకనుకు 60 ఫ్రేములు (తెరపై మారే చిత్రాలు) వస్తే నాకు చాలు. ఇప్పటికి అనుకున్నవి ఇవి: రైజెన్ 5 5500 ప్రాసెసర్, ఏ520 చిప్‌సెట్ ఉన్న మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకే స్టిక్‌గా, 4 జీబీ రేడియాన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ గ్రాఫిక్స్ కార్డు, ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగవంతమైన నిల్వ పరికరం), 450 వాట్ల ఎస్‌ఎఫ్‌ఎక్స్ (చిన్న పరిమాణపు) పవర్ సప్లై. వీటిలో ఏది మార్చాలో, ఎందుకు మార్చాలో కారణంతో సహా చెప్పగలరా?

మొదటి సమాధానం

ముందుగా కేబినెట్ విషయం తేల్చుకోండి, ఎందుకంటే మిగతా భాగాలన్నిటి కొలతలనూ నిర్ణయించేది అదే. మినీ ఐటీఎక్స్ బోర్డు 170 మిల్లీమీటర్ల చదరం, మైక్రో ఏటీఎక్స్ బోర్డు గరిష్ఠంగా 244 మిల్లీమీటర్ల చదరం. ఈ తేడా చూడడానికి చిన్నదే అయినా, సమాన స్థాయి బోర్డులను పక్కపక్కన పెడితే సాధారణంగా ఐటీఎక్స్‌కే ఎక్కువ చెల్లించాల్సి వస్తుంది, పైగా దానికి తగిన చిన్న కేబినెట్‌కూ ఎస్‌ఎఫ్‌ఎక్స్ పవర్ సప్లైకీ కూడా అదనపు ఖర్చు తోడవుతుంది. మీ ఇరవై లీటర్ల షరతును ఇరవై అయిదు వరకైనా సడలించగలిగితే, మైక్రో ఏటీఎక్స్‌కు మారి, అక్కడ మిగిలిన సొమ్మును గ్రాఫిక్స్ కార్డుపై పెట్టమని నా సలహా. ఆటల్లో కంటికి కనిపించే తేడా తెచ్చేది ఆ కార్డే తప్ప బోర్డు పరిమాణం కాదు.

రెండవ సమాధానం

పై మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే మీ జాబితాలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల జత. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ నాలుగు పీసీఐఈ లేన్లను (కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య సమాచారం నడిచే దారులను) మాత్రమే వాడుకుంటుంది. పీసీఐఈ 4.0 ఉన్న చోట ఆ నాలుగు లేన్లలో సెకనుకు దాదాపు 8 జీబీ సమాచారం వెళ్లగలదు, కానీ మీరు ఎంచుకున్న రైజెన్ 5 5500 గానీ ఏ520 బోర్డు గానీ పీసీఐఈ 3.0 దాటి ఇవ్వవు కనుక అది సగానికి పడిపోతుంది. కార్డులోని 4 జీబీ మెమరీ నేటి ఆటల్లో తొందరగా నిండిపోతుంది, అలా నిండినప్పుడు పట్టని టెక్స్చర్లను (ఆటలోని ఉపరితలాల చిత్రాలను) ర్యామ్ నుంచి ఆ ఇరుకైన దారిలోనే తెచ్చుకోవాల్సి రావడంతో ఆట ఆగి ఆగి నడుస్తుంది. సగటు ఫ్రేముల సంఖ్య బాగానే కనిపిస్తున్నా చేతికి మాత్రం ఆ తడబాటు తెలుస్తూనే ఉంటుంది.

దీనికి బదులు ఆర్‌ఎక్స్ 6600 చూడండి. దానికి 8 జీబీ మెమరీ, ఎనిమిది లేన్లు ఉన్నాయి, విద్యుత్ వినియోగం 132 వాట్లు మాత్రమే. ఎనిమిది లేన్లు ఉన్నందువల్ల పీసీఐఈ 3.0 మీద కూడా పెద్దగా నష్టపోదు, కాబట్టి ప్రాసెసర్‌ను మార్చే స్తోమత లేకపోయినా కార్డును మాత్రం తప్పక మార్చండి. స్తోమత ఉంటే రైజెన్ 5 5600కు వెళ్లడం ఇంకా మంచిది. రెండింటికీ ఆరు కోర్లే అయినా 5500లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) 16 ఎంబీ కాగా 5600లో 32 ఎంబీ ఉంటుంది, ఆటలకు ఆ క్యాష్ బాగా అక్కరకొస్తుంది. బీ550 బోర్డుతో కలిస్తే పీసీఐఈ 4.0 కూడా లభిస్తుంది.

ర్యామ్‌ను ఒకే స్టిక్‌గా కాక రెండు 8 జీబీ స్టిక్కులుగా తీసుకోండి. ర్యామ్‌కు వెళ్లే రెండు ఛానళ్లూ పనిచేస్తే బ్యాండ్‌విడ్త్ (సెకనుకు వెళ్లగల సమాచారం) రెట్టింపవుతుంది. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూలో) ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని ప్రకటిత వేగంతో నడిపే అమరిక) ఆన్ చేయడం మరిచిపోవద్దు, లేకపోతే 3200 వేగం గల ర్యామ్ అంతకన్నా తక్కువ వేగంతో నడిచే అవకాశం ఉంది.

మూడవ సమాధానం

పవర్ సప్లై గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. 65 వాట్ల ప్రాసెసర్, 132 వాట్ల కార్డు, మిగతా భాగాలు కలిపి చూసినా ఆట నడుస్తున్నప్పుడు వినియోగం 250 వాట్ల చుట్టుపక్కలే ఉంటుంది, అందుచేత 450 వాట్లు మీకు ధారాళంగా సరిపోతాయి. వాట్లు పెంచడం కన్నా నాణ్యతపై దృష్టి పెట్టడం ముఖ్యం. 80 ప్లస్ ముద్ర విద్యుత్తును ఎంత సమర్థంగా మారుస్తుందో చెబుతుందే గానీ, లోపలి రక్షణ వలయాల గురించి ఏమీ చెప్పదు. కాబట్టి నిపుణులు పరికరాలతో పరీక్షించి రాసిన సమీక్షలు చదివి కొనండి. ఇక్కడ మాత్రం పొదుపు చేయవద్దని గట్టిగా కోరుతున్నాను, ఎందుకంటే నాసిరకం పవర్ సప్లై పాడైతే దానితో పాటు మిగతా భాగాలనూ పాడు చేయగలదు.

కొనే ముందు కార్డు పొడవునే కాక ఎత్తును కూడా కొలత చూసుకోండి. కార్డు అంచున తగిలించే పవర్ కేబుల్ వంగడానికి కొంత చోటు కావాలి, చిన్న కేబినెట్లలో మూత సరిగా మూతపడకపోవడానికి తరచుగా కారణం అదే. ఆ కార్డు ఫ్యాన్లకు ఎదురుగా జాలీ ఉన్న కేబినెట్‌ను ఎంచుకోండి, అద్దం ఉన్నదైతే గాలి అందదు.

అడిగినవారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. మైక్రో ఏటీఎక్స్‌కు మారుతున్నాను. ఒక్క సందేహం మిగిలింది: గ్రాఫిక్స్ కార్డును కొంతకాలం వాయిదా వేసి, అంతర్గత గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌తో మొదలుపెట్టవచ్చా?

రెండవ సమాధానం రాసినవారు

మొదలుపెట్టవచ్చు, కానీ 5500, 5600 రెండింటిలోనూ అంతర్గత గ్రాఫిక్స్ లేవు. అందుకు 5600జీ కావాలి. అయితే దానిలోనూ పీసీఐఈ 3.0, 16 ఎంబీ క్యాష్ మాత్రమే ఉంటాయి. బరువైన ఆటల్లో మీరు కోరిన 60 ఫ్రేములు దాని అంతర్గత గ్రాఫిక్స్ నుంచి రావు. కొద్ది నెలల్లోనే కార్డు కొనగలనన్న నమ్మకం ఉంటే, అంతవరకు ఆగి 5600తో కలిపి ఒకేసారి తీసుకోవడమే లాభం. ఆ వ్యవధి ఎక్కువయ్యేలా ఉండి, మీరు ఆడేవి తేలికపాటి ఆటలే అయితే 5600జీ సరైన ఎంపిక, అప్పుడు మాత్రం రెండు స్టిక్కుల ర్యామ్ తప్పనిసరి, ఎందుకంటే అంతర్గత గ్రాఫిక్స్‌కు వేరే మెమరీ ఉండదు, అది ర్యామ్‌నే వాడుకుంటుంది.