టోకు మార్కెట్ షెడ్డును కళావేదికగా మారిస్తే విజయనగరానికి మేలా? (ఐదుగురు కలం పేర్లతో రాసుకున్న చర్చ)

పెద్దచెరువు గట్టు

లారీలు తిరగలేని ఊరి నడుమ నుంచి కూరగాయల టోకు వ్యాపారం శివారుకు తరలడం ఎక్కడైనా జరుగుతున్నదే. రేపు విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో అలా ఒక పాత షెడ్డు ఖాళీ అయిందనుకుందాం. కూల్చేసి దుకాణాల సముదాయం కట్టాలా, కళావేదిక చెయ్యాలా? ఎవరూ ప్రకటించిన పథకం కాదిది, ప్రశ్న నాదే.

నా ఓటు కళావేదికకు. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో పశువుల సంత కోసం టోనీ గార్నియే అనే వాస్తుశిల్పి గీసిన హాలు ఉంది. 80 మీటర్ల వెడల్పు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. 1988 నుంచి అందులో కచేరీలు జరుగుతున్నాయి. బార్సిలోనాలో 1876 నాటి బోర్న్ మార్కెట్ కూడా అలాంటిదే. 1971 దాకా ఆ నగరానికి పళ్లూ కూరగాయలూ అక్కడినుంచే టోకున వెళ్లేవి. కూల్చకుండా చుట్టుపక్కలవాళ్లు అడ్డుపడ్డారు. గ్రంథాలయం చేద్దామని తవ్వితే 1714లో నగరం మీద జరిగిన ముట్టడి తరువాత నేలమట్టం చేసిన పాత పేట పునాదులు బయటపడ్డాయి. గ్రంథాలయం ఆలోచన మానుకుని, ఆ పునాదులు కనిపించేలా 2013లో సాంస్కృతిక కేంద్రంగా తెరిచారు.

బస్తాల లెక్క

మా ఇంట్లో తాతగారి కాలం నుంచీ కమీషన్ వ్యాపారమే, కాబట్టి నా మాట కొంచెం ఘాటుగానే ఉంటుంది. షెడ్డు ఖాళీ అయిందని మీరు ఒక్క మాటలో దాటేశారు. తెల్లవారుజామున బస్తాలు దించే కళాసీలు, కాటా దగ్గర నిలబడేవాళ్లు, ఆశీలు వసూలు చేసేవాళ్లు, ఆ మూల టీ కొట్టు, కుళ్లిన క్యాబేజీ ఆకులు పశువులకు పట్టుకుపోయేవాళ్లు, వీళ్లంతా మార్కెట్‌తోపాటు శివారుకు వెళ్లలేరు. సరుకు వెళ్తుంది, మనుషుల్లో సగం మంది ఇక్కడే మిగిలిపోతారు. వాళ్లు నిలబడిన నేల మీద మీరు కుర్చీలు వేసి వీణ వింటామంటున్నారు.

ఇంకో మాట. 1919లో విజయనగరంలో సంగీత పాఠశాల పెట్టినప్పుడు దానికి పేరు తెచ్చింది భవనం కాదు. హరికథకు పేరుపడ్డ ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్‌గా కూర్చున్నారు, తరువాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వచ్చారు. ముందు అలాంటి గురువులకు జీతం ఇవ్వండి, షెడ్డు సంగతి తరువాత.

నాగావళి

శ్రీకాకుళం నుంచి. ఇక్కడ బాపూజీ కళామందిర్ ఉంది, మీకు ఆనందగజపతి పేరుతో ఆడిటోరియం ఉంది, గురజాడ కళాభారతి ఉంది. ఇంకో హాలు కడితే దానికి ప్రేక్షకులను ఎక్కడినుంచి తెస్తారు? పైగా మొదటి ఏడాది నాటకాలు, రెండో ఏడాది సన్మానాలు, మూడో ఏడాది పెళ్లిళ్లు. ఏ ఊళ్లో ఏ హాలు తీసుకున్నా వరస ఇదే కదండీ.

మైకు సెట్టు

వృత్తిరీత్యా సౌండు పనివాణ్ణి. వీణ అన్నారు గనుక చెబుతున్నాను, రేకుల షెడ్డులో వీణ కచేరీ పెట్టకండి. మాట స్పష్టంగా వినపడాలంటే ప్రతిధ్వని ఒక సెకనుకు అటూ ఇటూగా అణిగిపోవాలి. రేకుల కప్పు, సిమెంటు నేల, సున్నం గోడలు ఉన్న పెద్ద షెడ్డులో అది రెండు మూడు రెట్లు సాగుతుంది. హరికథ చెబితే మొదటి వాక్యం తోక రెండో వాక్యం నెత్తిన పడుతుంది. వాన వచ్చిందా, మైకు ఉన్నా లాభం లేదు.

మందు లేకపోలేదు. కప్పు కింద దూదిలాంటి పీచు పలకలు, వాటి మీద గోనెగుడ్డ తొడుగు వేస్తే ప్రతిధ్వని చాలావరకు చస్తుంది. నెల్లిమర్ల జూట్ మిల్లు ఉన్న జిల్లాలో గోనెగుడ్డకు కరువేమిటి? నిప్పంటుకోని రసాయనంలో ముంచిన గుడ్డే వాడాలి, అది మాత్రం మరిచిపోకండి. కడిగితే నీళ్లు పోవాలని మార్కెట్ నేలను కాలువవైపు వాలుగా పోస్తారు, దాని మీద కుర్చీ ఊగుతుంది. మంచి సంగతి ఒకటి. లారీ వెనక తలుపు ఎత్తుకు సరిపోయేలా కట్టిన దింపుడు అరుగు ఉంటే, అది దాదాపు రంగస్థలం ఎత్తే. అరుగు కట్టే ఖర్చు తప్పుతుంది.

పెద్దచెరువు గట్టు

వీణ మాట నేను ఎత్తలేదు, బస్తాల లెక్కగారు నా నోట పెట్టారు! నా మనసులో ఉన్నది వేరు.

నాగావళిగారూ, మీరు చెప్పిన హాళ్లన్నీ ఒక్క పద్ధతిలో కట్టినవే. ముందు ఎత్తైన వేదిక, తెర, ఎదురుగా వరుసగా బిగించిన కుర్చీలు. పౌరాణిక నాటకానికి, సభకు అది బాగానే ఉంటుంది. మన రెండు జిల్లాల సొంత కళలకు మాత్రం అది చెప్పులో రాయి. తప్పెటగుళ్లు బృందాన్ని తీసుకోండి. గుండె మీద గుళ్లు అనే రేకు వాయిద్యాలు, కాళ్లకు గజ్జెలు, పదిహేను ఇరవై మంది వలయంగా తిరుగుతూ ఎగురుతారు. వాళ్లను వేదిక ఎక్కిస్తే ముందువరస ఆరుగురు కనబడతారు, మిగతావాళ్లు ఒకరి వెనక ఒకరు దాక్కున్నట్టు ఉంటుంది. ప్రేక్షకులు చుట్టూ నిలబడి చూడవలసిన ఆటను ఒకవైపు నుంచే చూపించి, పైగా పది నిమిషాల్లో ముగించమంటాం, తరువాత మంత్రిగారి ప్రసంగం ఉందని. జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ కూడా అంతే, అది పక్కనే కూర్చుని వినేది.

వీటికి కావలసింది కుర్చీలు లేని పెద్ద చదును నేల, ఎత్తైన కప్పు, నాలుగు వైపులా గుమ్మాలు. టోకు మార్కెట్ షెడ్డుకు ఉన్నది సరిగ్గా అదే. అక్టోబరులో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఊళ్లోకి వచ్చే బృందాలు ఏదో చూరు కింద వేషం కట్టుకుంటున్నాయి. అందుకే కళావేదిక అన్నాను. మరో ఆడిటోరియం కట్టమని నేనూ అడగను.

బస్తాల లెక్క

ఈ వాదన వినదగ్గదే, ఒప్పుకుంటాను. కానీ లండన్ కోవెంట్ గార్డెన్ సంగతి కూడా చెప్పుకోవాలి. పళ్లు, కూరగాయల టోకు మార్కెట్ 1974లో నైన్ ఎల్మ్స్‌కు వెళ్లింది. పాత భవనాన్ని స్థానికులు కాపాడుకున్నారు, 1980లో దుకాణాలతో మళ్లీ తెరిచారు. పూల మార్కెట్ హాలు రవాణా మ్యూజియం అయింది. భవనం బతికింది. ఇప్పుడు అక్కడ తిరిగేది ఎక్కువగా పర్యాటకులు.

నాకు నచ్చింది హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్. 1935 నాటి రాతి కట్టడాన్ని బాగుచేసి 2020లో తెరిచారు. దుకాణాలు అక్కడే ఉన్నాయి, నడిమి ఆవరణలో కార్యక్రమాలూ జరుగుతున్నాయి. మన షెడ్డులో కూడా పొద్దున పదింటిదాకా చిల్లర కూరగాయలు, తోపుడుబండ్లవాళ్లకు నీడ. సాయంత్రం తప్పెటగుళ్లు. వ్యాపారం పూర్తిగా తీసేస్తే నేను ఒప్పుకోను.

మైకు సెట్టు

పది గంటలకు అంగడి ఎత్తి, కడిగి, ఆరబెట్టి, సాయంత్రానికి సిద్ధం చెయ్యవచ్చు. ఎండాకాలంలో ఇబ్బంది లేదు. వానాకాలంలో తడి నేల మీద గజ్జెకట్టిన కాలు జారుతుంది, గరుకు రాయి పరవాలి. కరెంటు తీగలు నేలకు రెండు అడుగుల పైన ఉండాలి, కడిగే నీళ్లు తగలకూడదు.

నాగావళి

అందరూ మరిచిపోతున్న విషయం కప్పు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను. తిత్లీ మా జిల్లాలోనే, పలాస దగ్గర తీరం దాటింది. పాత రేకులు కాగితాల్లా లేచిపోవడం కళ్లారా చూసినవాణ్ణి. మీరు కార్యక్రమాలు పెడదామంటున్న అక్టోబరు, నవంబరే మాకు తుఫాను నెలలు. రంగులు, దీపాలు, శిలాఫలకం తరువాత. ముందు రేకులను పట్టే కొక్కేలు మార్చి, ఇనుప దూలాలకు తుప్పు గోకించి, ఇంజినీరు సంతకం చేశాకే లోపలికి జనాన్ని పిలవండి. ఆ పని సరిగ్గా చేస్తే తుఫాను రాత్రి అదే షెడ్డు పదిమందికి తలదాచుకునే చోటు అవుతుంది. అప్పుడు నా ఓటు కూడా మీకే.

గజ్జెల మూట

తప్పెటగుళ్లు కట్టే కుటుంబం మాది, ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. కప్పు, నేల, ప్రతిధ్వని అన్నీ మాట్లాడారు. అద్దె ఎవరూ మాట్లాడలేదు. మా బృందంలో అందరూ కూలికో గొర్రెల వెనకో వెళ్లేవాళ్లే. ఆట ఆడిన రోజు ఆ కూలి పోతుంది. హాలుకు ముందుగా డిపాజిట్టు కట్టమంటే మేము గుమ్మం దగ్గరే ఆగిపోతాం, పెళ్లివాళ్లు లోపలికి వెళ్తారు. నాగావళిగారు చెప్పిన మూడో ఏడాది అలాగే వస్తుంది. అందుకని ఒకటి అడుగుతున్నాను. జానపద బృందాలకు అద్దె లేకుండా వారానికి రెండు సాయంత్రాలు అని మొదటి తీర్మానంలోనే రాయించగలరా? పెళ్లిళ్ల అద్దెతో మాకు ప్రయాణం ఖర్చు ఇప్పించగలరా?

పెద్దచెరువు గట్టు

రాయించాలి. రెండు సాయంత్రాల్లో ఒకటి శనివారం అయ్యేలా కూడా. ఎందుకంటే పెళ్లిళ్లవాళ్లు అడిగేదీ శనివారమే.

బస్తాల లెక్క

ముహూర్తాలు మీ శనివారం చూసి పెట్టరు లెండి. కమిటీలో కళాసీల సంఘం నుంచి ఒకరు, ఇలాంటి బృందాల నుంచి ఒకరు ఉంటేనే ఆ తీర్మానం నిలుస్తుంది. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో కూడా అందులోనే రాయండి.