నేల ఉసిరిది సంయుక్త పత్రమా, సరళ పత్రమా?

ప్రశ్న:
డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. హెర్బేరియం షీటు (ఎండబెట్టిన మొక్కల నమూనా కాగితం) మీద నేల ఉసిరి అతికించి, లేబుల్‌లో "పిచ్ఛాకార సంయుక్త పత్రం" (ఈకలా అటూ ఇటూ చిన్న భాగాలుగా చీలిన ఒకే ఆకు) అని రాశాను. తప్పని కొట్టేశారు, ఎందుకో చెప్పలేదు. అప్పటి నుంచీ అదే టెన్షన్. వేపాకు పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి: మధ్యలో సన్నటి కాడ, అటూ ఇటూ చిన్న చిన్న ఆకులు. వేపది సంయుక్తమైతే దీనిది ఎందుకు కాదు? ఆకు దగ్గర పొరబడితే కుటుంబం కూడా తప్పుతుందా?

జవాబు 1:
ఆకారం వదిలేసి మొగ్గ ఎక్కడుందో వెతకండి. ఆకు కాడ కాండాన్ని కలిసే మూలలో ఉండే మొగ్గనే గ్రీవ కోరకం అంటారు. వేపలో అది పెద్ద కాడ మొదట్లోనే దొరుకుతుంది, పత్రకాల (సంయుక్త పత్రంలోని చిన్న భాగాల) దగ్గర ఎంత వెతికినా కనిపించదు. అంటే అదంతా కలిపి ఒకే ఆకు. ఇప్పుడు నేల ఉసిరి రెమ్మను తిరగేయండి. చిన్న ఆకుల మొదట్లో పువ్వులు, కాయలు వరసగా వేలాడుతుంటాయి. వేప పత్రకం మూలలో పువ్వు పూయడం ఎప్పుడైనా చూశారా? నేల ఉసిరిలో ఆ చిన్నవి ఒక్కోటీ పూర్తి ఆకు, అంటే చీలికలు లేని సరళ పత్రం. మీరు ఆకు అనుకున్నది కొమ్మ.

జవాబు 2:
బాధపడకండి, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. నేల ఉసిరి, ఉసిరి చెట్టు రెండూ ఉన్న ప్రజాతికి వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ప్రచురించిన ఫిల్లాంథస్ అనే పేరులోనే గ్రీకు "ఆకు", "పువ్వు" రెండూ ఉన్నాయి. ఉసిరి చెట్టు ఇంకా తికమక పెడుతుంది. దాని సన్నటి రెమ్మలు ఆకుల్లాగే మొత్తంగా రాలిపోతాయి, కాబట్టి రాలే తీరును నమ్ముకోకండి.

కుటుంబం విషయానికొస్తే, ఆకు ఒక్కదాన్నే పట్టుకుంటే కష్టం. మామూలుగా ద్విదళబీజ మొక్కల ఆకుల్లో ఈనెలు వలలా, ఏకదళబీజాల్లో సమాంతరంగా ఉంటాయి. పొన్న ద్విదళబీజ మొక్కే, అయినా పక్క ఈనెలు సమాంతరంగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. పెండలం ఏకదళబీజం, అయినా ఈనెలు వలలా అల్లుకుంటాయి. నేల ఉసిరిని ఒకప్పుడు ఆముదంతో కలిపి యూఫర్బియేసీ కుటుంబంలో ఉంచేవారు, ఇప్పుడు ఫిల్లాంథేసీ కుటుంబం. అండాశయం కోసి చూడండి: ఆముదంలో గదికి ఒక అండం, దీనిలో రెండు.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే లెన్స్‌తో చూశానండి. నేల ఉసిరి ప్రధాన కాండం మీద మామూలు ఆకులే లేవు, చిన్న పొలుసులున్నాయి. రెమ్మలన్నీ వాటి మూలల్లోంచే వస్తున్నాయి! ఊరుకోలేక మునగ కూడా తెచ్చాను. మూడుసార్లు చీలిన ఆ కాడలన్నిటికీ కలిపి మొగ్గ అడుగునే ఉంది. మూరెడు పొడవున్నది ఒకే ఆకు. లేబుల్ తిరగరాస్తున్నాను.