యూఎస్‌బీ కేసులోని ఎస్ఎస్‌డీ కాపీ మధ్యలో ఆగిపోతోంది, కొత్త డిస్క్ కొనాలా?

గాజువాక స్టూడియో:
నమస్తే అండీ. గాజువాకలో మాది చిన్న ఫోటో స్టూడియో. పెళ్లి ఫోటోలు, వీడియోలు రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌కి యూఎస్‌బీ కేసులో తగిలించిన 1 టీబీ ఎస్ఎస్‌డీలో బ్యాకప్ పెడుతుంటాను. ఒకటీ అరా ఫైళ్లు బాగానే ఎక్కుతాయి. పెళ్లి ఫోల్డర్ మొత్తం ఒకేసారి వేస్తే మాత్రం కాపీ నిలిచిపోయి, అర నిమిషానికి మళ్లీ కదులుతుంది. ఒక్కోసారి డిస్కే మాయమైపోతుంది. డీమెస్గ్‌లో (సిస్టమ్ సందేశాల లాగ్‌లో) 'యూఏఎస్ అబార్ట్ హ్యాండ్లర్' అని, దాని కింద 'రీసెట్ సూపర్‌స్పీడ్ యూఎస్‌బీ డివైస్' అని వరసగా పడుతున్నాయి. అదే ఎస్ఎస్‌డీని డెస్క్‌టాప్‌లో సాటా కేబుల్‌కి పెడితే ఏ ఇబ్బందీ లేదు. మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలవుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.

సీతమ్మధార అడ్మిన్:
డిస్క్ కొనకండి. సాటాలో బాగుందంటే తేడా కేసు లోపలి బ్రిడ్జ్ చిప్‌లోనే (సాటాని యూఎస్‌బీకి కలిపే చిప్) ఉండొచ్చు. యూఎస్‌బీ డిస్కులతో మాట్లాడే పాత పద్ధతిలో ఒక కమాండ్ పూర్తయ్యాకే ఇంకోటి వెళ్తుంది. యూఏఎస్ అనే కొత్త పద్ధతిలో చాలా కమాండ్లు ఒకేసారి క్యూలో పడతాయి. కొన్ని చిప్‌ల ఫర్మ్‌వేర్ ఆ తాకిడికి జవాబివ్వడం మానేస్తుంది. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో ముఖ్య భాగం) 30 సెకన్లు ఎదురుచూసి రీసెట్ కొడుతుంది. మీ అర నిమిషం అదే.

టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే కమాండ్ కొడితే ఆ కేసు ఐడీ వస్తుంది: నాలుగు అంకెలు లేదా అక్షరాలు, కోలన్, మళ్లీ నాలుగు. బూట్ పార్టిషన్‌లోని సీఎండీలైన్ ఫైలు (బూట్ అయ్యేటప్పుడు కెర్నల్ చదివే సెట్టింగులు) తెరిచి, ఉన్న లైను చివర ఒక స్పేస్ ఇచ్చి 'యూఎస్‌బీ-స్టోరేజ్.క్విర్క్స్=' అని, వెంటనే మీ ఐడీ, కోలన్, చిన్న 'యూ' అక్షరం రాయండి. 'ఈ ఒక్క డివైస్‌కి యూఏఎస్ వాడకు' అని దానర్థం. అంతా ఒకే లైనులో ఉండాలి, ఎంటర్ కొట్టొద్దు. రాస్ప్‌బెర్రీ పై బూట్ అవ్వకపోతే కంగారుపడకండి, మైక్రోఎస్‌డీ కార్డును విండోస్‌లో పెట్టినా ఆ ఫైలు తెరుచుకుంటుంది.

యూఏఎస్ మాడ్యూల్‌నే మొత్తం బ్లాక్‌లిస్ట్ చెయ్యమని (అసలు లోడ్ కాకుండా ఆపమని) సలహాలిస్తుంటారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు. రేపు మంచి కేసు కొన్నా దాని స్పీడు మీకు దక్కదు.

పెదవాల్తేరు:
అన్న చెప్పింది సరైనదే, కానీ ముందు కరెంటు సంగతి చూడండి. పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి 1.2 ఆంపియర్లే. పక్కన ఇంకో డిస్క్ కూడా ఉంటే చాలకపోవచ్చు. సొంత అడాప్టర్ ఉన్న హబ్ పెట్టి చూడండి. మన ఊరి ఉప్పుగాలి సంగతి తెలిసిందే కదా. మా ఇంట్లో బీచ్ వైపు కిటికీ దగ్గర పెట్టిన కేబుల్ ప్లగ్ లోపల పచ్చగా చిలుము పట్టింది. అలాంటి కేబుల్‌తో ఏ క్విర్క్ పెట్టినా రీసెట్లు ఆగవు. స్మార్ట్ రిపోర్ట్‌లో (డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే లెక్కలు) 199వ నంబరు లెక్క, అంటే కేబుల్ మీద డేటా తప్పుల సంఖ్య, కూడా చూడండి. ఆ అంకె పెరుగుతుంటే కేసు లోపల సాటా కనెక్టర్ కాంటాక్ట్ సరిగా లేనట్టే.

గాజువాక స్టూడియో:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. 199 సున్నాలోనే ఉంది, కేబుల్ కొత్తదే, హబ్ పెట్టినా రీసెట్లు ఆగలేదు. ఆ లైను కలిపి రీబూట్ చేశాక డ్రైవర్ దగ్గర యూఏఎస్ పోయి యూఎస్‌బీ-స్టోరేజ్ అని చూపిస్తోంది. పెళ్లి ఫోల్డర్ పూర్తిగా ఎక్కింది, డీమెస్గ్‌లో ఒక్క రీసెట్ లేదు. థంబ్‌నెయిల్స్ రావడం మాత్రం కాస్త నెమ్మదించింది. కేసు మారిస్తే ఈ లైను తీసేయాలా?

సీతమ్మధార అడ్మిన్:
చిన్న ఫైళ్లు ఎక్కువున్నచోట ఆ నెమ్మది తప్పదు. ఈ పద్ధతిలో ట్రిమ్ (చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అని ఎస్ఎస్‌డీకి చెప్పే కమాండ్) పనిచేయకపోవచ్చు, అందుకని డిస్క్‌లో కొంత ఖాళీ ఎప్పుడూ ఉంచండి. ఐడీ వేరే అయితే ఆ లైను కొత్త కేసు జోలికి రాదు. కొన్ని కేసుల్లో అదే చిప్, అదే ఐడీ ఉంటాయి, కాబట్టి మార్చిన రోజు ఎల్ఎస్‌యూఎస్‌బీ ఒకసారి కొట్టి చూసుకోండి.