బాత్రూం సీలింగ్‌కి నల్ల బూజు: పైఫ్లాట్ టైల్స్ పగలగొట్టాలా, ఫ్యాన్ పెడితే చాలా?

కొర్లగుంట_ఫ్లాట్:
తిరుపతిలో మూడో అంతస్తు. బాత్రూం 5×7 అడుగులు, ఎత్తు 8. అక్టోబరు వానలు మొదలైనప్పటి నుంచి సీలింగంతా నల్ల చుక్కలు. పైఫ్లాట్ బాత్రూం తవ్వాలని ప్లంబర్ అంటాడు. బూజు పట్టని పెయింట్ రెండు పూతలు చాలని పెయింటర్ అంటాడు. ఎవరి మాట వినాలి?

సైట్_ఇంజనీర్:
ఇప్పుడే ఎవరి మాటా వినొద్దు. సీలింగంతా సమానంగా చుక్కలుంటే అది ఎక్కువగా గీజర్ నీళ్ళ ఆవిరి, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో పోతుంది. లీకైతే పై నహానీ ట్రాప్ (నేల మీది నీళ్ళు పోయే జాలీ గొట్టం) కిందో, పైపు చుట్టూనో ఒకేచోట పసుపు అంచుతో మచ్చ కడుతుంది. సీలింగ్ తుడిచి బాగా ఆరనిచ్చి, అడుగు చదరం మందపాటి ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండ్రోజులు ఉంచండి. లోపలి వైపు, అంటే సీలింగ్‌కి తగిలే వైపు చెమ్మ పడితే పైనుంచి, గది వైపు పడితే మీ ఆవిరే.

మేస్త్రి_అన్న:
ఆవిరి అని తేల్చేయొద్దు సార్. ఈడ వానాకాలంలో బయట గాలే తడిగా ఉంటుంది, ఫ్యాన్ పెట్టి ఏం ఆరుతుంది? మన ఊర్లో అసలు దొంగ యాసిడ్. బోరునీళ్ళ ఉప్పు మరకలకని వారం వారం పోస్తారు, అది టైల్స్ సందుల్లో నింపిన సిమెంటు గ్రౌటును తినేస్తుంది. ఆ సందుల్లోంచి నీళ్ళు టైల్స్ కింద పైపుల కోసం పల్లంగా వదిలిన సంకెన్‌లోకి దిగి ఊరుతుండాయి.

సైట్_ఇంజనీర్:
యాసిడ్ సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. ఫ్యాన్ సంగతి మాత్రం కాదన్నా. స్నానం తర్వాత బాత్రూం గాలి వేడిగా, పూర్తిగా తడితో నిండి ఉంటుంది. వాననాటి గాలిలో కూడా అంత నీరుండదు. ఈ కొలత గదికి నిమిషానికి 50 ఘనపుటడుగులు లాగితే చాలు, 6 అంగుళాల ఫ్యాన్లు మామూలుగా అంతకన్నా ఎక్కువే లాగుతాయి. స్నానమయ్యాక అరగంట తిరగాలి. తలుపు కింద ముప్పావు అంగుళం సందు లేకపోతే గాలి రాదు. ఫ్యాన్ పక్కనే లూవర్స్ (కిటికీ అద్దాల పలకలు) తెరిచుంటే ఆ గాలినే లాగి ఆ గాలినే తోస్తుంది, గది అలాగే ఉంటుంది. చాలా ఇళ్ళలో తప్పు ఇక్కడే.

పెయింట్_పని:
బూజు మీదే పెయింట్ వేస్తే పొరతో సహా ఊడుతుంది. పొడిగా గీకొద్దు, గదంతా ఎగురుతుంది. మాస్కు, గ్లౌజులు వేసుకుని ముందు సబ్బునీళ్ళతో తుడవండి. తర్వాత ద్రవ బ్లీచ్ ఒక వంతుకి నీళ్ళు పది వంతులు కలిపి పూసి పది నిమిషాలాగి కడగండి. బ్లీచ్‌లో యాసిడ్ గానీ, యాసిడ్ ఉండే టాయిలెట్ క్లీనర్ గానీ చుక్క కూడా కలవకూడదు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు మూసిన బాత్రూంలో అది ప్రాణాల మీదికొస్తుంది. సందులు మూసిన సిలికాన్ లోపలికి నలుపు దిగితే కడిగి లాభం లేదు, కోసి తీసి కొత్తది వేయాలి.

కొర్లగుంట_ఫ్లాట్:
షీటు లోపలి వైపే చెమ్మొస్తే పైవాళ్ళకి ఏం చెప్పాలి?

మేస్త్రి_అన్న:
తవ్వమని మాత్రం చెప్పొద్దమ్మా, ముందు పరీక్షకి ఒప్పించండి. రాత్రి ఆ బాత్రూం వాల్వు కట్టేయించండి. దాంతో కారడం తగ్గితే ప్రెషర్ లైను, అంటే నీళ్ళు తెచ్చే పైపు. తగ్గకపోతే నహానీ ట్రాప్ మూసి, రెండంగుళాల నీళ్ళు నిలిపి, గోడమీద గీత పెట్టి 24 గంటలు చూడండి. మట్టం బాగా దిగితే ఫ్లోరే. నిలిచి ఉండి, వదిలాక కింద తడిస్తే ట్రాప్ జాయింటు, అక్కడ మాత్రం తెరిస్తే సరిపోతుంది. ఫ్లోరే అయినా మొదట పాత గ్రౌటు గీకి, ఎండనిచ్చి, ఎపాక్సీ గ్రౌటు నింపి మళ్ళీ నీళ్ళు నిలపండి. అప్పటికీ దిగితేనే టైల్స్ తీయాలి.

సైట్_ఇంజనీర్:
దీంతో నాకు పేచీ లేదు. కింది నుంచి మీ సీలింగ్‌కి వాటర్‌ప్రూఫ్ పూత మాత్రం వేయించకండి. నీళ్ళు స్లాబులోనే నిలిచి కమ్మి తుప్పుపడుతుంది.