పచ్చడి సీసా మూత తుప్పుకి పాత నెయిల్ పాలిష్ పూయొచ్చా?

జాడీమూత (బరంపురం): ఆవకాయ సీసాల రేకు మూతలు అంచుల దగ్గర తుప్పు పడుతున్నాయి. సగం చిక్కబడ్డ నెయిల్ పాలిష్ సీసాలు పది దాకా ఉన్నాయి, పారేయబుద్ధి కావడం లేదు. మూతకి లోపలా బయటా రెండు పూతలు వేస్తే తుప్పు ఆగుతుందని కొందరంటారు. తిండి దగ్గరికి దాన్ని రానివ్వొద్దని ఇంకొందరు. ఏది నమ్మాలి?

తీరంగాలి (గోపాల్‌పూర్): బయట వైపు పూయండి, ఆగుతుంది. పని మాత్రం పద్ధతిగా జరగాలి. ముందు మూతని మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. మన తీరంలో గాలిలోనే ఉప్పుంటుంది. ఆ ఉప్పు పూత కింద మిగిలితే తేమని లాక్కుంటుంది, పైన రంగు మెరుస్తుండగానే అడుగున తుప్పు పాకుతుంది. తర్వాత 120 నంబరు సాండ్ పేపర్‌తో తెల్లటి రేకు కనపడేదాకా రుద్ది, ఎసిటోన్‌తో తుడవాలి. నూనె కలిపిన రిమూవర్ అయితే పూత పట్టదు. పల్చగా ఒక పూత, 20 నిమిషాలాగి రెండోది, ఒక రోజంతా తడి తగలనివ్వకూడదు. ఒక్కసారే మందంగా పూస్తే పైన పొర కట్టి లోపల మెత్తగానే ఉండిపోతుంది.

రంగులకొట్టు (పర్లాకిమిడి): లోపల వద్దే వద్దు, ఇందులో రెండో మాట లేదు. నెయిల్ పాలిష్ అంటే నైట్రోసెల్యులోజ్‌ని ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్‌లలో కరిగించిన లక్క లాంటిది. ఎండాక పెళుసెక్కకుండా ప్లాస్టిసైజర్ కలుపుతారు, అది నూనెలోకి దిగుతుంది. ఆవకాయలో ఉన్నదంతా నూనే కదా! చాలా పాత సీసాల్లో ఆ ప్లాస్టిసైజర్ డైబ్యూటైల్ థాలేట్ అయ్యుండొచ్చు. యూరప్‌లో సౌందర్య సాధనాల్లో దాన్ని వాడకుండా 2004లోనే నిషేధం తెచ్చారు. గోళ్లకే వద్దన్నది పచ్చడికి ఎలా పనికొస్తుంది?

బయట పూతతో కూడా నేను ఏకీభవించను. మూత తుప్పు మొదలయ్యేది రేకు కోసిన అంచు దగ్గర. పదునైన అంచు మీద ఏ రంగూ నిలవదు, అటూ ఇటూ జారి అక్కడే పల్చబడుతుంది. పైగా మూత తిప్పినప్పుడల్లా ఆ అంచే సీసాకి ఒరుసుకుంటుంది, పెచ్చులు లేచి పచ్చడిలో పడతాయి. తుప్పు పట్టిన మూత తీసేసి ప్లాస్టిక్ మూత పెట్టండి, లేదా జాడీకి మార్చండి.

తీరంగాలి: పెచ్చుల సంగతి ఒప్పుకుంటున్నాను, మూత విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటాను. కానీ ఒరిపిడి లేని చోట అది నిలుస్తుంది: తలుపు బందుల స్క్రూ తలలు, బాత్‌రూములో గచ్చు మీద తుప్పు వలయం వేసే డబ్బాల అడుగు. సముద్రం పక్కన ఇవే ముందు పోతాయి.

రంగులకొట్టు: ఎండకీ వానకీ తగలని చోట సరే. గేటుకీ కిటికీ ఊచలకీ రెడ్ ఆక్సైడ్ ప్రైమరే. ఇంకో మాట, ముసురు రోజున పూయకండి. ద్రావకం ఆవిరవుతూ రేకుని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద పట్టి పూత పాలు ఒలికినట్టు తెల్లబడిపోతుంది. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం పూయండి.

మూడుతాళాలు (రాయగడ): తుప్పు సంగతి పక్కన పెడితే, పాత పాలిష్ అసలు పనికొచ్చేది గుర్తులకి. ఒడియా చదివేవాళ్లు, తెలుగు చదివేవాళ్లు ఒకే ఇంట్లో పనిచేసే చోట తాళంచెవికి రంగు చుక్కే మేలు, అది ఏ లిపీ అడగదు. చుక్క చేత్తో పట్టుకునే తల మీదే పెట్టాలి. పళ్ల మీద పడితే తాళంలో ఇరుక్కుంటుంది.

జాడీమూత: బకెట్‌కి లీటరు గీతలు, రిమోట్ బటన్‌కి చుక్క కూడా పెట్టొచ్చా? నా సీసాలు బాగా చిక్కబడ్డాయి, ఎసిటోన్ కలపనా?

మూడుతాళాలు: బకెట్ ప్లాస్టిక్‌కి పూత అంటుకోదు, గోరుతో గీకితే పట్టీలా లేచొస్తుంది. గాజు సీసాకి, స్టీలు డబ్బాకి బయట గీత గీస్తే చక్కగా ఉంటుంది. రిమోట్ విషయంలో దీనికి పూర్తిగా వ్యతిరేకం: గట్టి ప్లాస్టిక్ తొడుగుని ద్రావకం కరిగించి మచ్చ చేస్తుంది. కళ్లద్దాల స్క్రూ వదులైతే ఒక చుక్క పెడతారు కానీ, అద్దం మీద పడితే అద్దం పోయినట్టే.

రంగులకొట్టు: ఎసిటోన్ కలిపితే అప్పటికి పల్చబడుతుంది, కానీ చప్పున ఆవిరైపోతుంది, పూత గరుకుగా వస్తుంది. నెయిల్ పాలిష్ థిన్నర్ రెండు మూడు చుక్కలు వేసి, సీసాని అరచేతుల మధ్య దొర్లించండి. ఊపితే బుడగలు చేరతాయి. పెయింటు షాపులో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ కూడా కలుస్తుంది. అందులో టొలీన్ ఉండొచ్చు కాబట్టి కిటికీలు తెరిచి కలపండి, ఆ సీసా మళ్లీ గోళ్లకి వాడొద్దు. జెల్ పాలిష్ అయితే ఈ పనులకి పక్కన పెట్టేయండి, యూవీ దీపం కింద పెట్టకపోతే అది గట్టిపడదు.

వంటింట్లో మాత్రం ఏ సీసా తెరవకండి. ఇథైల్ ఎసిటేట్ ఆవిరి గాలికన్నా బరువు, గచ్చు వెంబడి పాకి స్టవ్ మంటని అందుకుంటుంది. కరెంటు వైరు తొక్క ఊడిన చోట కూడా ఇది పూస్తుంటారు. నైట్రోసెల్యులోజ్ నిప్పుని ఇట్టే అందుకుంటుంది, అక్కడ పూయడం ఇంటికే ముప్పు. కరెంటు ఆపి, టేపు చుట్టండి, లేదా వైరు మార్చండి.

జాడీమూత: మూతలు తీసేసి పచ్చడి జాడీకి ఎత్తేస్తాను. ఎరుపు గోదాము తాళానికి, నీలం మేడ మీది గదికి, పచ్చ బీరువాకి. మిగిలినవి బందుల స్క్రూలకి. ముసురు తగ్గాక మొదలుపెడతాను.