క్వార్ట్జ్ స్లాబ్ కోసిన దుమ్ము ఫ్లాట్ అంతా పట్టింది, ఎలా తీయాలి?

కూకట్‌పల్లి_ఫ్లాట్:
వంటగట్టు మీది పాత గ్రానైట్ తీయించి క్వార్ట్జ్ స్లాబ్ వేయించాం. సింకుకీ స్టవ్వుకీ కావలసిన కోతలన్నీ హాల్లోనే, నీళ్లు లేకుండా, చేతి కటింగ్ మిషన్‌తో కోశారు. ఏసీ పాయింట్ల కోసం రెండు బెడ్‌రూముల గోడలకి గాడులు కొట్టారు. ఆ తర్వాత పెయింటర్ పుట్టీ రుద్దాడు. ఇప్పుడు ఫ్యాన్ రెక్కల మీద, కర్టెన్ రాడ్ల మీద, ఆఖరికి మూసిన అల్మారాల లోపల కూడా తెల్లటి పొడి. హాల్లో ఏసీ కోసేటప్పుడు నడుస్తూనే ఉంది. పనామె ఒక పూటలో ఊడ్చి తడిగుడ్డ పెట్టేస్తానంటోంది. మా దగ్గర మామూలు ఇంటి వాక్యూమ్ క్లీనర్ ఉంది. వచ్చే ఆదివారం సామానుతో దిగాలి, మూడేళ్ల పాప ఉంది. రాళ్లలో, ఇసుకలో ఉండే సిలికా అనే ఖనిజం దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయంటున్నారు, ఈ భయం ఎంతవరకు నిజం? ఏ వరుసలో తీయాలి?

సైట్‌సేఫ్టీ_వైజాగ్:
ముందు పనామెకి చెప్పి చీపురు ఆపించండి. మిగతావన్నీ దాని తర్వాతే.

మీ ఇంట్లో ఉన్నది ఒకే రకం దుమ్ము కాదు. పుట్టీ రుద్దితే వచ్చేది చాలావరకు సున్నపురాయి లేదా డోలమైట్ పొడి, తెల్ల సిమెంటు. గొంతు గరగరలాడిస్తుంది, కళ్లు మండిస్తుంది గానీ సిలికా తక్కువ. గాడులు కొట్టినప్పుడు లేచింది ఇసుక, సిమెంటు, ఇటుక పొడి, ఇందులో సిలికా బాగానే ఉంటుంది. రోబో శాండ్‌తో ప్లాస్టరింగ్ చేశారు కదా అనుకోవద్దు, అది కూడా చాలాచోట్ల గ్రానైట్ నలగ్గొట్టిందే. అన్నిటికన్నా చెడ్డది క్వార్ట్జ్ స్లాబ్. బరువులో 90 శాతం వరకు, కొన్నిట్లో ఆ పైన కూడా స్ఫటిక సిలికానే (క్వార్ట్జ్ అంటే అదే), మిగతాది అతికించే రెసిన్, రంగులు. మామూలు గ్రానైట్‌లో సుమారు మూడో వంతు. తాండూరు, షాబాద్ బండలు సున్నపురాయి కాబట్టి అంత ఉండదు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని అందరం గ్రానైట్ అంటాం గానీ రాయి జాతి గాబ్రో, అందులో క్వార్ట్జ్ నామమాత్రమే. అయితే అన్నీ కలిసిపోయాక ఏది ఏదో కంటికి తెలియదు. మొత్తాన్నీ క్వార్ట్జ్ దుమ్ము కిందే జమకట్టండి.

చీపురు ఎందుకు వద్దంటే, మీకు కనిపించే పొడి ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. ఊపిరితిత్తుల అడుగుకి చేరేది 4 మైక్రాన్ల లోపుది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అది కనిపించదు. గాలి కదలకుండా ఉంటే 10 మైక్రాన్ల రేణువు పదడుగుల సీలింగ్ నుంచి 6, 7 నిమిషాల్లో నేలకి దిగుతుంది. 1 మైక్రాన్‌ది దిగడానికి 8, 9 గంటలు పడుతుంది. ఊడ్చి చెత్త ఎత్తేసరికి నేల శుభ్రంగా కనిపిస్తుంది, సన్నది మాత్రం ఆ రాత్రంతా గాల్లోనే ఉండి పొద్దుటికి మళ్లీ మంచం మీద వాలుతుంది.

లెక్క కావాలంటే: అమెరికాలో 2016 నిబంధన ప్రకారం పనిచోట గాల్లో సన్న సిలికాకి పరిమితి 8 గంటల సగటున ఘనపు మీటరుకి 50 మైక్రోగ్రాములు. 12 × 12 అడుగుల గది, పదడుగుల ఎత్తు అంటే 41 ఘనపు మీటర్లు. ఆ గాలిలో 2 మిల్లీగ్రాముల సన్న సిలికా తేలుతుంటే చాలు, పరిమితి దగ్గరికి వచ్చినట్టే. చిటికెడు ఉప్పు అంతకు వంద రెట్లకు పైనే తూగుతుంది.

పని పద్ధతి ఇది:

ఎవరూ తిరగకుండా, ఫ్యాన్లు, ఏసీలు ఆపి, ఒక రాత్రి ఇల్లు మూసి ఉంచండి. గాల్లో ఉన్నది చాలావరకు కిందికి దిగుతుంది. పొద్దున అందరికన్నా ముందు లోపలికి వెళ్లేవాళ్లు మాస్క్ పెట్టుకునే వెళ్లాలి.

మందు కొట్టే చిన్న చేతి పంపు స్ప్రేయర్ (2 లీటర్లది) తీసుకుని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా కలపండి. సబ్బు లేని నీటి బొట్టు ఈ పొడి మీద ముత్యంలా దొర్లిపోతుంది, లోపలికి ఇంకదు. నాజిల్ సన్న తుంపరకి తిప్పి, నేలకి రెండడుగుల పైనుంచి మంచు పడ్డట్టు కొట్టండి. మగ్గుతో గుమ్మరిస్తే నీటి దెబ్బకే దుమ్ము లేస్తుంది. ఐదు నిమిషాలు ఆగి, నేల మీద మందంగా ఉన్నదాన్ని రబ్బరు వైపర్‌తో ముద్దలా లాగి చేటలోకి ఎత్తండి. తడిపిన రంపపు పొట్టు చల్లి మెల్లగా తోసినా పని జరుగుతుంది.

ఆ మందపు పొర పోయాకే పైనుంచి కిందికి: సీలింగ్ మూలలు, ఫ్యాన్, కర్టెన్ రాడ్, తలుపు పైఅంచులు (అందరూ మరిచేది ఇదే), అల్మారాలు, కిటికీ ట్రాకులు, స్కర్టింగ్, చివరికి నేల. లోపలి గది నుంచి వీధి గుమ్మం వైపు రావాలి. మైక్రోఫైబర్ గుడ్డని సగానికి రెండుసార్లు మడిస్తే ఎనిమిది పక్కలు వస్తాయి. ఒక పక్క ఒకే దిశలో ఒక్కసారి తుడిచి తిప్పేయండి. రెండు బకెట్లు పెట్టుకోండి, జాడించేది ఒకటి, సబ్బునీళ్లది ఒకటి. జాడించే నీళ్లలో అడుగు కనిపించకపోతే మార్చాల్సిందే.

ఇదంతా ఒక్క విడతతో అవ్వదు. మళ్లీ రాత్రంతా మూసి పెట్టి, మర్నాడు తడిగుడ్డ రెండో చుట్టు వేయాలి. ఆదివారం దిగాలంటే గురువారమైనా మొదలుపెట్టండి.

మణికొండ_ఇంటీరియర్స్:
ఇంత హడావుడి అవసరమా అండీ? కిటికీలన్నీ తీసి ఫ్యాన్లు ఐదు మీద పెడితే గంటలో దుమ్మంతా బయటికి పోతుంది. అందరం చేసేది అదే.

సైట్‌సేఫ్టీ_వైజాగ్:
సీలింగ్ ఫ్యాన్ గాలిని బయటికి పంపదు, గదిలోనే తిప్పుతుంది. రెక్కల మీద, అల్మారా మీద పడుకున్నదాన్ని లేపి నాలుగు గదులకీ పంచుతుంది. గాలి బయటికే పోవాలంటే ఒక కిటికీలో టేబుల్ ఫ్యాన్ ముఖం బయటివైపు పెట్టి, చుట్టూ ఖాళీని అట్టముక్కతో మూసి, ఎదురు వైపు గదిలో ఒక కిటికీ మాత్రం కొద్దిగా తీయాలి. అది కూడా తుడిచేటప్పుడే. కారిడార్ వైపు తలుపు తీసి పెడితే దుమ్ము పక్క ఫ్లాట్లకి పోతుంది, గుమ్మం కింద తడి తువ్వాలు పెట్టండి.

మెషిన్_రిపేర్_విజయవాడ:
వాక్యూమ్ గురించి నేను చెప్తాను. మీ ఇంటి మిషన్ మాత్రం దీనికి వాడొద్దు. సంచి లేని సైక్లోన్ రకం అయితే సన్న పొడి ఫిల్టర్ దాటి వెనక గాలితో బయటికి వస్తుంది, పైగా డబ్బా ఖాళీ చేసేటప్పుడు మొత్తం మీ ముఖం మీదే. బండ పొడి మోటారు బేరింగుల్లోకి పోతే కొద్ది రోజుల్లోనే అరుపు మొదలవుతుంది.

డీప్ క్లీనింగ్ వాళ్లు తెచ్చే 30 లీటర్ల స్టీలు డ్రమ్ము మిషన్ చూసి మురిసిపోవద్దు. చాలావాటిలో ఉండేది ఉత్త గుడ్డ ఫిల్టర్. నాజిల్ ముందు నేల మెరుస్తుంటుంది, వెనక గాలి వచ్చే రంధ్రం దగ్గర మిల్లీగ్రాములకొద్దీ పొడి గదిలోకి పోతుంటుంది. బుక్ చేసేముందు రెండే అడగండి: హెపా ఫిల్టర్ ఉందా, లోపల పేపరు లేదా ఫ్లీస్ సంచి వేస్తారా. హెపా అంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం ఆపాలి. బిల్డింగ్ పనికి అమ్మే మిషన్ల మీద ఎల్, ఎం, హెచ్ అని క్లాసు రాసి ఉంటుంది. ఎల్ వద్దు, ఎం (99.9 శాతం) చాలు, హెచ్ (99.995 శాతం) దొరికితే ఇంకా మేలు.

హెపా రాసి ఉన్నా సరే, ఫిల్టర్ చుట్టూ రబ్బరు గాస్కెట్ పగిలినా, సరిగ్గా కూర్చోకపోయినా గాలి పక్కనుంచి దూరిపోతుంది. మిషన్ ఆన్ చేసి చీకట్లో వెనక గాలిమీద టార్చి అడ్డంగా వేయండి. పొగలా కనిపిస్తే ఆపేయమనండి. కనిపించకపోతే అంతా బాగున్నట్టు కాదు, కనిపిస్తే మాత్రం కచ్చితంగా బాగోలేనట్టే. పీల్పు తగ్గిందని ఫిల్టర్ తీసి గోడకేసి దులిపే అలవాటు కూడా మాన్పించండి, పట్టినదంతా ఒక్కసారిగా వదిలేసినట్టు. మంచి మిషన్ దొరక్కపోతే అసలు వాక్యూమే వద్దు, తడిగుడ్డతోనే కానివ్వండి. పని రెండింతలవుతుంది గానీ ప్రమాదం లేదు.

ఏసీ_టెక్_ఎల్బీనగర్:
కోసేటప్పుడు నడిచిన ఏసీని అలాగే మళ్లీ ఆన్ చేయకండి. జాలీ ఫిల్టర్ కడిగితే సరిపోదు, ఆ జాలీలోంచి సన్న పొడి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. కాయిల్ ఫిన్స్ మీద తేమ ఉంటుంది కదా, అక్కడ ముద్దగా పట్టుకుంటుంది. బ్లోయర్ రోలర్ గాడుల్లో కూడా. నీళ్ల సర్వీస్ చేయించాలి: కింద కవర్ సంచి కట్టి, బ్లోయర్ ఊడదీసి, జెట్ పంపుతో కాయిల్ కడగాలి. డ్రెయిన్ ట్రే, డ్రెయిన్ పైపు కూడా చూడమనండి. ట్రేలో దిగిన ముద్ద పైపులో గట్టిపడితే నెల తిరక్కుండా నీళ్లు గోడ మీదకి కారతాయి. బ్లోయర్ గాలితో ఊది సర్వీస్ చేస్తామనే వాళ్లని పంపించేయండి. ఇల్లంతా తుడిచాక కాదు, మొదటి చుట్టుకీ రెండో చుట్టుకీ మధ్య చేయించుకోండి.

స్విచ్ బోర్డుల జోలికి తడిగుడ్డతో పోవద్దు. మెయిన్ ఆపి, బాగా పిండిన గుడ్డతో పైనున్న ప్లేటు మాత్రం తుడవండి. గాడులు కొట్టిన గదుల్లో బోర్డు డబ్బాల లోపల గుప్పెడు సిమెంటు పొడి ఉంటుంది, అది ఎలక్ట్రీషియన్ విప్పి హెపా మిషన్‌తో పీల్చాల్సిందే. ఫ్యాన్ రెక్కకి పాత దిండు గలీబు తడిపి తొడిగి లాగితే పొడి గలీబులోనే ఉండిపోతుంది.

కూకట్‌పల్లి_ఫ్లాట్:
అందరికీ థాంక్స్ అండీ. పనామెకి ఏ మాస్క్ ఇవ్వాలి? ఇప్పటికే రెండుసార్లు లోపలికి వెళ్లి చూసి వచ్చాం, పాప కూడా ఉంది. డాక్టరుకి చూపించాలా?

సైట్‌సేఫ్టీ_వైజాగ్:
సర్జికల్ మాస్క్, చీరకొంగు, కర్చీఫ్ ఏవీ పనికిరావు. ఎన్95 గానీ, ఐఎస్ 9473 ముద్ర ఉన్న ఎఫ్‌ఎఫ్‌పీ2 గానీ ఇవ్వండి. చెవులకి తగిలించేది కాదు, తల వెనక రెండు పట్టీలు వచ్చేది. ముక్కు మీది క్లిప్ రెండు చేతుల వేళ్లతో నొక్కి, గట్టిగా ఊదితే పక్కలనుంచి గాలి రాకూడదు. గడ్డం ఉంటే అంచు అంటుకోదు, తీసుకోవాలి లేదా ఆ పని ఇంకొకరు చేయాలి. మాస్క్ తడిసినా, ఊపిరి బరువైనా మార్చాలి, పూటకొకటి లెక్క పెట్టుకోండి. ఆమెకి డబ్బులు కూడా మామూలు తుడుపు రేటు కాదు, మూడు రోజుల పని.

పని బట్టలు బాల్కనీలో దులపొద్దు. అక్కడే తడిపి, విడిగా ఉతకాలి. కర్టెన్లు, డోర్‌మ్యాట్లు కూడా అంతే. తడిపిన తర్వాతే మడత పెట్టండి.

పాప సంగతి: సిలికోసిస్ మామూలుగా ఈ దుమ్ము ఏళ్ల తరబడి పీల్చిన వాళ్లకి వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. బాగా ఎక్కువ మోతాదైతే నెలల్లోనే వచ్చే రకం కూడా ఉంది, అది ఇసుక బ్లాస్టింగ్, రాళ్లు కోసే పనివాళ్లలో చూస్తాం. రెండుసార్లు కాసేపు వెళ్లి వచ్చినందుకు ఎక్స్‌రేలు అక్కర్లేదు. దగ్గు, ఆయాసం ఆగకపోతే డాక్టరుకి చూపించండి, ఉబ్బసం ఉంటే ముందే చెప్పండి. మీ హాల్లో మాస్క్ లేకుండా స్లాబ్ కోసిన కుర్రాడిది అసలు ప్రమాదం. వాళ్లకి రోజూ ఇదే పని, పైగా సిలికా పట్టిన ఊపిరితిత్తులకి టీబీ తొందరగా సోకుతుంది.

మెల్‌బోర్న్_తెలుగోడు:
ఇక్కడ అలా స్లాబులు కోసే కుర్రాళ్లకి సిలికోసిస్ వచ్చిన కేసులు చూసే, 2024 జులై 1 నుంచి క్వార్ట్జ్ స్లాబులు తయారుచేయడం, సరఫరా చేయడం, బిగించడం ఆస్ట్రేలియా మొత్తం నిషేధించారు. పాతవి బిగించి ఉన్నచోట బెజ్జం కొట్టాలన్నా నీళ్లు పారిస్తూనో, దుమ్ము పీల్చే మిషన్ పెట్టో చేయాలి, రెస్పిరేటర్ కూడా తప్పనిసరి. మీకు ఇంకా ఏ చిన్న కోత మిగిలినా, వాటర్ ప్యూరిఫయర్ కుళాయి బెజ్జమైనా సరే, నీళ్లు పడుతూ ఉండగా డైమండ్ హోల్‌సాతో కొట్టించండి. చేతి గ్రైండర్ మీద బాటిల్‌తో నీళ్లు పోసే ఐడియా వద్దు, కరెంటు షాక్ కొడుతుంది. నీళ్ల కోతకి తయారైన మిషన్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) ఉన్న లైను ఉండాలి. కుదిరితే కొలతలిచ్చి షాపులోనే కోయించి తెప్పించడం అన్నిటికన్నా నయం.

టైల్స్_మేస్త్రీ_ఖమ్మం:
తుడిచిన నీళ్లు ఎక్కడ పోస్తారో ఎవరూ చెప్పలేదు. బాత్రూం జాలీలో పోస్తే ట్రాప్‌లో దిగి సిమెంటులా గడ్డకడుతుంది, తర్వాత టైల్ పగలగొట్టడమే. బకెట్ ఒక రాత్రి కదలకుండా ఉంచండి, పైన తేటనీళ్లు మెల్లగా వంచేసి, అడుగు ముద్దని మందపాటి ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి సిమెంటు సంచిలో పెట్టండి. ఆరనివ్వొద్దు, ఆరితే మళ్లీ పొడే. చెత్త బండిలో వేయకుండా కన్‌స్ట్రక్షన్ వేస్ట్‌తో పంపండి. హైదరాబాద్‌లో దానికి జీడిమెట్ల, ఫతుల్లగూడలో ప్లాంట్లు ఉన్నాయి.

రెండు చుట్లు అయ్యాక కూడా టైల్స్ మీద తెల్లటి పొర కనిపిస్తే కంగారు పడొద్దు, మామూలు నీళ్లతో ఇంకో రెండు మాపులు వేస్తే చాలావరకు పోతుంది. సిమెంటు మరక మొండికేస్తే విట్రిఫైడ్ టైల్స్‌కి మాత్రం ఒక వంతు తెల్ల వెనిగర్, పది వంతుల నీళ్లు కలిపి తుడిచి వెంటనే కడిగేయండి. మార్బుల్, తాండూరు, షాబాద్ బండల మీద వెనిగర్ చుక్క కూడా పడకూడదు, పాలిష్ పోతుంది. యాసిడ్ పోసి కడుగుతామంటారు మావాళ్లు. గ్రౌట్ తినేస్తుంది, కొత్త స్టీలు సింకు మచ్చలు పడుతుంది, బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు. ఒప్పుకోకండి.

అయిందో లేదో చూడాలంటే రాత్రి లైట్లు ఆపి, టార్చి నేలకి ఆనించి అడ్డంగా వేయండి. తలుపు పైఅంచున నల్లటి గుడ్డ ఒకసారి లాగి చూడండి. గుడ్డకి తెల్లగా అంటితే ఆ గదికి ఇంకో చుట్టు ఉన్నట్టే, పాప మంచం అందులో వేయకండి.